అలారం పీకిన చెయ్యి

చాముండేశ్వరిని చంపింది ఇంటి ఓనరు చలపతి. అద్దెకిచ్చిన ఇంట్లో పొగ అలారం పెట్టలేదు. జనవరిలో ఒక మధ్యాహ్నం వంటింటి వైరు అంటుకుంటే, ఆమె కునుకులోంచి మళ్ళీ లేవలేదు.

భార్య పోయిన ఈ ఆర్నెల్లుగా, కొడుకుండే పరాయిదేశపు ఊరు వెర్రిబీలో ఎదురైన ప్రతి తెలుగువాడికీ కోటేశ్వరరావు ఇదే చెప్పాడు. ఈ రోజు ఆమె చావు మీద విచారణ గదిలో అధికారిణికీ అదే చెప్పాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కొడుకు చందు తర్జుమా చేస్తున్నాడు. పక్కన ఏడో నెల కడుపుతో కోడలు ఉదయశ్రీ.

అలారం లేని ఇల్లు అద్దెకివ్వడం నేరమని, రుజువైతే చలపతి బోనెక్కాల్సిందేనని అధికారిణి అంది.

ఎదురుగా కూర్చున్న చలపతి ఒక కాయితం ఆమె ముందు పెట్టాడు. ఇంట్లో దిగిన రోజు అలారంతో సహా అన్నీ ఉన్నాయని చందు చేసిన సంతకం.

"నా చేత్తో బిగించాను పెద్దాయనా. ఫైర్ వాళ్ళకి సొరుగులో దొరికింది, బ్యాటరీ లేకుండా. మీ ఇంట్లోవాళ్ళే పీకారు."

చందు కాయితం అందుకున్నాడు. సంతకం చదవకుండా పెట్టానన్నాడు. ఆఫీసు పనితో ఆ ఏడాదంతా ఇంటికి నిద్రకే వచ్చేవాణ్ణి, కప్పుకేసి ఎప్పుడూ చూడలేదన్నాడు.

అయితే ఎవరు తీశారని అధికారిణి ఉదయశ్రీ వైపు తిరిగింది. ఉదయశ్రీ పెదవులు కదిలాయి.

"నేనే తీశాను" అన్నాడు కోటేశ్వరరావు.

కొడుకు వైపు తిరిగాడు.

"రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటరు చిప్పున్న ప్రతిదీ పిచ్చెక్కి మోగుద్దని నువ్వే కదరా అన్నావు, వైటూకే వైటూకే అని. అందుకే పీకేశా. చెప్పు ఆవిడకి."

చందు చేతిలోని కాయితం బల్ల మీద పెట్టాడు.

"చెప్పరా."

చెప్పాడు. అధికారిణి రాసుకుని ఫైలు మూసింది. చలపతి లేచి వెళ్ళిపోయాడు.

బయట సన్నగా వాన. చందు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చలపతి అంకుల్‌ని ఊరంతా తిట్టావు. అమ్మని పొట్టన పెట్టుకుంది నువ్వు. ఇక నా గడప తొక్కకు నాన్నా."

"మావయ్యగారూ..." అంది ఉదయశ్రీ.

"నువ్వు కారెక్కు" అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా. "ఈ మాట ఇంకెవరూ నా దగ్గర ఎత్తొద్దు."

కారు వెళ్ళిపోయింది. ఆయన వానలో రైలు స్టేషనుకి నడిచాడు.

తన కళ్ళముందే కుర్చీ ఎక్కి అలారం పీకింది ఉదయశ్రీ అని కోటేశ్వరరావు ఎన్నడూ, ఎవరికీ చెప్పలేదు.