ఏడో దినం వాన

“వాన పడలే సామీ,” అన్నాడు ఎర్రప్ప.

“పడింది,” అన్నాడు రెవిన్యూ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్ప. చంకలోని రిజిస్టరు తీసి జీపు బానెట్ మీద పరిచాడు. “నెల రోజుల్లో అయిదు అంగుళాల నలభై సెంట్ల వాన. పామిడిలో సున్నా. తాడిపత్రిలో సున్నా. నీ ఊర్లోనే పడింది. వాన పడిన ఊర్లో గంజి కేంద్రం నడిపేదానికి రూలు ఒప్పదు.”

అది 1952 జులై. గంజి కేంద్రం మూసి ఎనిమిది రోజులైంది. ఎర్రప్ప వెనక ఇరవై మంది మగవాళ్ళు సత్తుగిన్నెలు పట్టుకొని నిలబడ్డారు. ఆడవాళ్ళు నీళ్ళకు పోయి ఇంకా తిరిగి రాలేదు.

జీపులోంచి ఇంకో మనిషి దిగాడు. పేరు సోమయాజులు. పూనాలో వాన లెక్కలు చూసే శాస్త్రవేత్త. చుట్టుపక్కల యాభై మైళ్ళలో చుక్క రాలని నెలలో ఈ ఒక్క గుట్ట మీద, అదీ ఏడు రోజులకొకసారి, వాన పడుతోందని లెక్కల్లో చూశాడు. ఆ చోటు చూడడానికి రెండు రైళ్ళు మారి వచ్చాడు. మెడలో కెమెరా ఉంది. ఆయన వస్తున్నట్టు ముందురోజే తలారి ఊర్లో చాటాడు.

“లెక్క ప్రకారం ఈరోజు మళ్ళీ పడాలి,” అన్నాడు సోమయాజులు.

ఎర్రప్ప ఆకాశం వైపు చూడలేదు. బడి అయ్యవారు తిప్పయ్య వైపు చూశాడు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు గుట్ట మీది సర్కారు వాన గిన్నె కొలిచి రాసేది ఆయనే.

“ఈ అయ్యవారు ఇంట్లో కూచోని రాస్తాండాడు సామీ. మా నోట్లో మన్ను కొట్టినాడు.”

“ఏమప్పా ఎర్రప్పా, నీ గంజి నాకెందుకు?” అన్నాడు తిప్పయ్య. “గిన్నె లోపలి సీసాలో ఉండేది రాస్తా. లేనిది రాయను. ఆకాశం చూసి రాయమని రూల్లో లేదు.”

“గొడవెందుకు? ఈరోజు నేనే కొలుస్తాను,” అన్నాడు సోమయాజులు.

ఈశ్వరప్ప రిజిస్టరు మూశాడు. “సీసా ఎండి ఉంటే సాయంత్రానికల్లా పొయ్యి వెలిగిస్తాం. సరేనా?”

“సరే సామీ. అంతకంటే ఏం కావల్ల?” అన్నాడు ఎర్రప్ప.

అందరూ గుట్ట ఎక్కారు. పైన బండల మధ్య కంప కట్టిన చోట, జానెడు వెడల్పు కూడా లేని రాగి గరాటు నేలలోంచి పైకి కనిపిస్తోంది. సోమయాజులు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఫోటో తీశాడు. కాలితో మట్టి గీరాడు. దుమ్ము లేచింది.

“ఎవరైనా ఇందులో నీళ్ళు పోస్తున్నారేమో?”

ఎర్రప్ప నవ్వాడు. వెనక ఉన్నవాళ్ళూ నవ్వారు.

“తాగేదానికే లేవు సామీ. మూడు మైళ్ళు పోయి చెలమలో చిప్పతో తోడుకొస్తారు మా ఆడోళ్ళు. కడవ నిండేదానికి ఒక పూట పడతాది. ఆ నీళ్ళు తెచ్చి ఈ గిన్నెలో పోసే పిచ్చోడు మా ఊర్లో యాడుండాడు?”

“పోస్తే ఆరు నెలలు జైలు,” అన్నాడు ఈశ్వరప్ప. “గవర్నమెంటు సామాను అది.”

“జైల్లో కూడన్నా పెడతారు. అయినా ఎవురూ పోయలే సామీ.”

“ఆ మాట కాగితం మీద ఇస్తావా?”

“ఇస్తా.”

తిప్పయ్య రాశాడు. ఈ గిన్నెలో మా ఊరివాళ్ళెవరూ నీళ్ళు పోయలేదు, పోయరు. ఎర్రప్ప బొటనవేలికి సిరా పూసుకొని గట్టిగా ఒత్తాడు. వేలిముద్ర సరిగా పడిందో లేదో తనే వంగి చూసుకున్నాడు.

ఎనిమిదిన్నర అయింది. సోమయాజులు గరాటు తీసి లోపలి సీసా పైకెత్తాడు.

సీసాలో నీళ్ళున్నాయి.

సోమయాజులు ఆ నీళ్ళు అరంగుళం వాన కొలిచే గాజు గ్లాసులోకి వంచాడు. అది అయిదుసార్లు నిండింది. ఆరోసారి సగం కంటే తక్కువ వచ్చింది.

“రెండు అంగుళాల డెబ్బై సెంట్లు,” అన్నాడు. “ఇదివరకు ఒక్కోసారి పడినదానికి రెట్టింపు.”

“పడలే సామీ,” అన్నాడు ఎర్రప్ప. “రాత్రంతా బయటే పండుకున్యాను. నా గోచి తడవలే.”

“నేనూ అదే చూస్తున్నాను. నేల పొడిగా ఉంది. ఎందుకో తెలియడం లేదు. కానీ నీళ్ళు నా చేతిలో ఉన్నాయి. పోసినవాడు లేడని నువ్వే వేలిముద్ర వేశావు. ఇక వాన అనక ఏమంటాను? ఇలాంటి చోటు దేశంలో మరొకటి ఉన్నట్టు నేను వినలేదు. చూడు, దీన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు.”

“వచ్చినోళ్ళు గంజి తెస్తారా సామీ?”

సోమయాజులు రిజిస్టరులో అంకె వేసి సంతకం చేశాడు. కింద ఈశ్వరప్ప చేశాడు. కాగితం, వేలిముద్ర, రిజిస్టరు జీపు ఎక్కాయి.

తిమ్మక్క కడవతో గుట్ట కిందికి వచ్చేసరికి పామిడి దారిలో జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. ఎర్రప్ప బండ మీద కూర్చొని ఉన్నాడు. భార్యను చూసి లేవలేదు.

“దొర పాయనా?”

“పాయ.”

“గిన్నె చూసినాడా? ఏమన్యాడు?”

“వాన పడిందంట.”

తిమ్మక్క కడవ దించింది. గుట్ట పైకి చూసి రెండు చేతులూ జోడించింది.

“ఇంక నీకు చెప్పొచ్చులే. మగోళ్ళకు తెలిస్తే ఫలం దక్కదని దాచిపెడితిమి. అయిదు శుక్రారాల మొక్కు ఈ పొద్దుతో తీరిపాయ. తెల్లారకముందే ఇంటికొక గుక్కెడు పోగుజేసి, సర్కారు వానదేవుడని ఆ గిన్నెలో పోస్తాంటిమి. ఈ పొద్దు దొర వస్తాడని, ఇంటికి రెండు గుక్కెళ్ళు పోసినాం.”