నాడి ముల్లు

నాకు వాచీలంటే ఒట్టి షోకని మా ఇంట్లో అందరి తీర్మానం. ఎక్కడికీ వేళకు రానిదానికి పదకొండు వాచీలెందుకని అక్క ఎకసెక్కం. అవి పాత క్రోనోగ్రాఫులని, మీట నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు సున్నా నుంచి పరుగు మొదలెడుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

పన్నెండోదాన్ని కొనబోతుంటే, నర్సుగా రిటైరైన అమ్మ కూడా వెంటబడింది. దుకాణదారు రెండు వాచీలు ముందు పెట్టాడు. ఒకటి కారు పందేలవాళ్లది, నల్లగా తళతళలాడుతోంది. రెండోదాని ముఖం టీ మరకలా పసుపెక్కింది, అంచు చుట్టూ ఎర్రటి అంకెలున్నాయి. నేను కొనగలిగేది ఒక్కటే.

“నల్లది తీసుకోవే. ఆ ముసలిదాన్నేం చేసుకుంటావ్?” అంది అమ్మ.

“నీకు తెలీదులే అమ్మా.”

అమ్మ పసుపుదాన్ని అందుకుంది. నా మణికట్టు పట్టుకుని మీట నొక్కింది. పెదాలు కదుపుతూ నాడి ముప్ఫైసార్లు కొట్టుకునేదాకా లెక్కపెట్టి మళ్లీ నొక్కింది. ముల్లు ఒక ఎర్ర అంకె మీద ఆగింది.

“నాడి నూట నాలుగు. వాచీ చూస్తేనే ఇంత దడేంటే నీకు?”

ఆ అంకెలు నాడి వేగం చూపిస్తాయని నేను చెప్పనేలేదు.

నల్లదాన్ని ఆఖరిసారి వెలుతురులో చూద్దామని గుమ్మం దాకా వెళ్లాను. వెనక అమ్మ గుసగుస వినిపించింది.

“ఎలాగోలా దానికి నల్లది అంటగట్టు బాబూ. ఈ పసుపుది నాకోసం దాచు, సాయంత్రం వస్తా.”

వెనక్కొచ్చి పసుపుదే కొనుక్కున్నాను. అమ్మ అడుగుతూనే ఉంది. ఇవ్వను.