మేనమామ తెచ్చిన చొక్కా

"బజార్లో కొన్న చొక్కా తొడిగి వాణ్ణి పీటెక్కిస్తావా? నేను బతికుండగానా?" అత్తగారి గొంతు పెరటిదాకా వినబడుతోంది.

"మరేం చెయ్యమంటావమ్మా? వాళ్ళ మామ ఇంకా రాకపోతే తప్పు నాదా?" అభిరామ్ స్కూటర్ తాళం చేత్తో తిప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఇట్టే వెళ్ళి అట్టే వచ్చేస్తాను."

"బట్టలు మేనమామే తేవాలి. మీ మామ వరదలో పడవెక్కి వచ్చాడురా నీ కోసం."

"ఏటేటా ఆ పడవ ఇంకాస్త చిన్నదైపోతోందమ్మా. వచ్చే ఏడు మామ ఈదుకుంటూ వచ్చాడంటావు."

వంటింట్లో కుముదిని భర్త మాటకి నవ్వలేదు. పొయ్యి మీద పసుపాకుల్లో చుట్టిన బియ్యప్పిండి పిఠాలు ఆవిరికి ఉడుకుతున్నాయి. మూత తీసి చూసింది. పెట్టింది. మళ్ళీ తీసింది.

"అక్కా, ఆవిరంతా పోతోంది. ఇలాగైతే మధ్యాహ్నానికీ ఉడకవు," అంది తోడికోడలు ఝరణ, కొబ్బరి తురుముతూ.

ఆ రోజు ప్రథమాష్టమి. ఒడిశాలోని కేంద్రాపడాలో ఏ ఇంట చూసినా పసుపాకు వాసనే. తొలిచూలు బిడ్డకి మేనమామ తెచ్చిన కొత్తబట్టలు తొడిగి, పీట మీద కూర్చోబెట్టి, తల్లి దీపం చూపించాలి. బిడ్డ నిండు నూరేళ్ళూ చల్లగా ఉంటాడు. అష్టమి మధ్యాహ్నం దాకానే ఉంది. భద్రక్ నుంచి రావలసిన కుముదిని అన్న ఇంకా దారిలోనే ఉన్నాడు.

ఆమె వీధి గుమ్మం దాకా వెళ్ళింది. అరుగు మీద లిపున్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పన్నెండు నిండాయి, మూతి మీద నీడలా నూగు మొదలైంది.

"తలకి నూనె రాయనా నాన్నా?"

"వద్దు."

"ఆకలేస్తోందా?"

"లేదు... అమ్మా."

ఆ 'అమ్మా' కాస్త ఆలస్యంగా వచ్చినట్టనిపించింది. కొద్దిరోజులుగా ఇంతే. అన్నం పెడుతుంటే ఆమె ముఖంలోకి అదోలా చూస్తాడు. ఏదో అడగబోయి, మంచినీళ్ళు తాగి లేచిపోతాడు.

పళ్ళొచ్చే రోజుల్లో భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగింది. తట్టు పోసినప్పుడు వేపమండతో విసురుతూ కూర్చుంది. అదంతా తేలికే. ఏడిచే పిల్లాణ్ణి ఎత్తుకోవచ్చు. ఏడవకుండా ఇలా కూర్చున్నవాణ్ణి ఎక్కడ పట్టుకుని ఎత్తుకోవాలి?

"పెద్దమ్మా!" ఝరణ కూతురు తులి ఒక సంచి ఈడ్చుకుంటూ వచ్చింది. "అందరూ ఎందుకు అరుచుకుంటున్నారు? మా మామ నిన్ననే తెచ్చాడుగా అన్నయ్యకి చొక్కా. ఇది తొడిగెయ్!"

"దాన్ని లోపల పెట్టెయ్," అంది నాయనమ్మ చప్పున.

"ఎందుకు? కొత్తదే! మా మామ ఎప్పుడూ అన్నయ్యకే చొక్కా తెస్తాడు. నాకేమో గాజులు. మీరేమో నన్ను పీటే ఎక్కించరు. మా అమ్మకి నేను ఒక్కదాన్నేగా? పక్కింటి రింకీని ఎక్కిస్తారు, అది మాత్రం ఆడపిల్ల కాదా?"

వంటింట్లో కొబ్బరి కోరు చప్పుడు ఆగిపోయింది.

"ఇంటికొక్క పీట చాల్లే. నీ నోటికి తాళం వెయ్యాలి," అంది నాయనమ్మ. కానీ ఆ కసురులో పస లేదు.

అంతలో ఫోను మోగింది. కుముదిని అన్న. బస్సు పాడై దారిలో నిలిచిపోయిందట. పొద్దువాలితే గాని చేరలేనన్నాడు. "ఏమీ అనుకోకమ్మా," అని మూడు నాలుగు సార్లు చెప్పాడు.

"అదిగో. ఇక బజారే గతి," అన్నాడు అభిరామ్.

"ఆగండి," అంది కుముదిని.

పీట వేసింది. చుట్టూ బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది. ముగ్గు వంకర పోతే చెరిపి మళ్ళీ వేసింది. గరిక, అక్షతలు, గంధం పళ్ళెంలో సర్దింది. వత్తి వెలిగించబోతే మొదటి పుల్ల ఆరిపోయింది. రెండో పుల్లకి అంటుకుంది.

ఝరణ బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. దీపం వేళకి ఆమెకి పెరట్లో ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఏటా అంతే.

"లిపున్, ఇలా రా."

వాడొచ్చి నిలబడ్డాడు. కుముదిని తులి చేతిలోని సంచి అందుకుంది. నీలం గళ్ళ చొక్కా తీసి, దులిపి, వాడికి తొడిగింది. భుజాలు సరిగ్గా సరిపోయాయి.

"పెద్దకోడలా," అంది అత్తగారు. అభిరామ్ తాళం జేబులో వేసుకుని నేలకేసి చూశాడు.

కుముదిని ఒక్కొక్క గుండీ పెట్టింది. ఆఖరి గుండీ దగ్గర వాడి కళ్ళలోకి చూసింది. ఈసారి వాడు చూపు తిప్పుకోలేదు. వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పళ్ళెం తీసుకుని, పెరటి గుమ్మం దాకా నడిచింది.

"ఝరణా. లోపలికి రా."

ఝరణ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, పీట మీదున్న వాడి ఒంటిమీది చొక్కా చూసి గడప దగ్గరే ఆగిపోయింది. కుముదిని పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టింది. తర్వాత మెల్లగా, ఇంటిల్లిపాదికీ వినబడేటట్టు చెప్పింది.

"ఇకనుంచి ఏటా దీపం నువ్వే చూపించు ఝరణా, వాణ్ణి కన్నది నువ్వు."