ఇరవై చుట్లు

"ఆ లెక్క కొట్టేయ్. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టు," అన్నారు ల్యాబ్ సార్, నా రికార్డు పుస్తకాన్ని వేలితో పొడుస్తూ.

"పెట్టను సార్."

వైరు లేకుండా ఫోన్ చార్జ్ చేయడం నా ప్రాజెక్టు. ఇరవై చుట్ల రాగి కాయిల్ మధ్యలో అయస్కాంత క్షేత్రం ఎంత ఉండాలో మూడు రకాలుగా లెక్కగట్టాను. మూడుసార్లూ ఒకటే జవాబు. మీటరు మాత్రం సున్నా దగ్గరే మొండికేసింది. రేపు ఆ రికార్డు బయటి ఎగ్జామినర్ చేతికి వెళ్తుంది.

"అయితే మీటరు అబద్ధం చెబుతోందా?"

"మీటరూ నిజమే, నా లెక్కా నిజమే. తప్పు కాయిల్‌ది."

"నోరు బాగా లేస్తోందే నీకు!"

ఇక మాటలతో పనికాదని, కాయిల్ తీసుకుని ఆయన కళ్లముందే పైకి లెక్కపెడుతూ విప్పాను. మొదటి పది చుట్లూ కుడివైపు తిరిగి ఉన్నాయి. పదకొండోది ఎడమకి తిరిగింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఎడమకే. సగం కాయిల్ పుట్టించిన క్షేత్రాన్ని మిగతా సగం మింగేస్తోంది.

సార్ మొహం కందగడ్డయింది.

"చిన్నపిల్లలు కూడా ఇలా చుట్టరు! ఏ మహానుభావుడు చుట్టాడో, ఆ పేరు కూడా రికార్డులో రాసిపారెయ్!"

నేను పెన్ను మూత తీశాను.

"మొన్న 'నీకు చేతకాదు, చూసి నేర్చుకో' అని నా చేతిలోంచి లాక్కున్నారు. పది చుట్లయ్యాక ఫోనొస్తే బయటికెళ్లి, వచ్చి మిగతా పది చుట్టారు. ఇంటిపేరుతో సహా రాయమంటారా సార్?"