రంగు దిగని దండ

“ఈ పగడాల రంగు దిగుతుందే. చూస్తూ ఉండు!”

దండ మెడలో వేసుకుంటూనే అనేసింది తల్లి. కూతురు మనసుపడ్డ పూసల షాపు కుర్రాడు కాబోయే అత్తగారికని పంపిన దండ అది.

“గంటసేపు బాత్రూమ్ తలుపేసుకుని, తడిజుట్టు ముడేసుకుని తయారయ్యావు. తీరా వేసుకున్నాక ఈ దండకమా?” అంది కూతురు.

“రాళ్ళకి రంగులేసి అమ్మేవాడు రేపు మాటలకి వెయ్యడా? నీ బతుకేం కాను?”

సాయంత్రం తల్లి జాకెట్టు విప్పి చూసింది. మెడ అంచున ముదురెరుపు మరక. భయపడినంతా జరిగినందుకు ఏడుపొచ్చింది. ముందే చెప్పానన్న ధీమా కూడా వచ్చింది.

మర్నాడు దండనీ జాకెట్టునీ సంచిలో వేసుకుని, కూతుర్ని వెంటేసుకుని షాపుకి వెళ్ళింది.

“రండి అత్తయ్యగారూ!”

“ఇంకా కాలేదు. ఆ వరస నీ నోట్లోనే ఉంచుకో. పగడాలకి రంగేశావా లేదా?”

“ఈ నీలంవి, ఆ గులాబీవి వేసినవేనండి. ఎండకి వెలుస్తాయని చెప్పే అమ్ముతాను. మీ పగడాలకి మాత్రం వెయ్యలేదు.”

గోళ్ళరంగు తుడిచే మందులో దూది ముంచి, ఆమె తెచ్చిన దండలో ఒక పూసని గట్టిగా రుద్దాడు. దూది తెల్లగానే ఉంది.

“మరి ఇదేంటి?” సంచిలోంచి జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. “ఉన్నది ఉన్నట్టు చూపించలేనివాళ్ళకి నా పిల్లనివ్వను. అంతే!”

అతను మరకని చూశాడు. దండని అటూ ఇటూ తిప్పాడు.

“మరక మెడ వెనకుందండి. ఈ దండకి వెనకవైపు పూసలే లేవు. తెల్లదారం ఒక్కటే.”

కూతురు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఏమీ ఎరగనట్టు తలొంచుకుని పూసలు గుచ్చుకోసాగాడు. తల్లి చెయ్యి మెల్లగా మెడ వెనక్కి పాకింది, అక్కణ్ణుంచి జుట్టుముడి మీదికి.

“ఇంతకీ మా సంగతేం చేశారండి?” అని అతనే అడిగాడు.

ఆమె వీధిలోకి చూసింది, కూతురి వంక చూసింది, జాకెట్టు మడిచి సంచిలో కుక్కింది. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అంది:

“అల్లుడూ, రంగుల సంగతి తెలిసినవాడివి... తలకేసుకుంటే దిగనిది ఏదైనా ఉంటే చెప్పవయ్యా!”