తోమాస్ మొదటి తెలుగు వాక్యం

“ఆ ఒక్క వాక్యం మాకు చెబితే మీ సొమ్మేం పోతుంది తోమాస్ గారూ?” బోర్డు తుడుస్తూ అడిగింది లీల.

“ఆయనకే చెప్తాను టీచర్ గారూ. ముందు ఆయన దొరకాలి.”

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఆదివారం తెలుగు బడి అది. పిల్లలందరూ వెళ్ళిపోయాక తోమాస్ ఒక్కడే చిన్నపిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తెలుగువాడు కాదు. అతని దేశం ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంది. మ్యాపు మీద ఈగ వాలితే కనపడదు. కుడిచేతి వేళ్ళు వంగవు కాబట్టి ఎడమచేత్తో గుణింతాలు దిద్దుతాడు. మన పిల్లలు బర్త్‌డే పార్టీలని చెప్పి బడి ఎగ్గొడతారు గానీ, తోమాస్ మంచు పడినా మానడు.

ఇంతా చేసి అతని కోరిక ఒక్కటే. తనకి మొట్టమొదట తెలుగు వినిపించిన డాక్టర్ని చచ్చేలోగా ఒక్కసారి కలవాలి.

“మనిషి ఎలా ఉండేవారు?” అంది లీల.

“చూడలేదు. నా కళ్ళకి గుడ్డ కట్టి ఉండేది. గొంతు తెలుసు. రోజూ వచ్చి ఇక్కడ పట్టుకునేవాడు.” మణికట్టు చూపించాడు. “ఒకే వాక్యం అనేవాడు. అర్థం తెలీదు. కానీ పాటలాగా గుర్తుండిపోయింది. ఇక్కడికొచ్చాక మీవాళ్ళ మాటలు విని అది తెలుగని పోల్చుకున్నాను. అర్థం కోసమే మీ బడికి వచ్చాను.”

“కళ్ళకి దెబ్బ తగిలిందా?”

“అప్పుడు మా దేశంలో చాలామందికి కట్టారు.”

టియర్ గ్యాస్ అయ్యుంటుంది పాపం, అనుకుంది లీల. ఆ విప్లవం సంగతి అతనే ఒకసారి క్లాసులో చెప్పాడు. ముప్పై ఏళ్ళు ఒకడే ప్రెసిడెంటు. నోటు మీద వాడి బొమ్మే, పాల డబ్బా మీదా వాడి బొమ్మే. ఒకరోజు రొట్టె ధర పెంచాడు. ఆడవాళ్ళు ఖాళీ గిన్నెలు, గరిటెలు పట్టుకుని వాయించుకుంటూ రోడ్డెక్కారు. కాలేజీ కుర్రాళ్ళు వాళ్ళ వెనకాల నడిచారు. ఆఖరికి సిపాయిలు కూడా తుపాకులు కింద పడేసి తలో గిన్నె అందుకున్నారు. ప్రెసిడెంటు చెప్పులు వదిలేసి విమానం ఎక్కాడు.

“మీరు చూశారా అదంతా?” అని పిల్లలు అడిగితే, “నేను గోడకి ఇవతల ఉన్నాను. గిన్నెల చప్పుడు మాత్రం విన్నాను,” అన్నాడు తోమాస్.

ఆస్పత్రి గోడ కాబోలు అనుకున్నారందరూ.

మనవాళ్ళ సంగతి తెలిసిందే. పరాయివాడు ఎవడైనా “బాగున్నారా” అంటే చాలు, వాడికి శాలువా కప్పేదాకా మనకి అన్నం సయించదు. అలాంటిది అచ్చులూ హల్లులూ వచ్చినవాణ్ణి వదులుతామా? సంగతి వినగానే తెలుగు సంఘం సెక్రటరీ దివాకర్ ఎగిరి గంతేశాడు.

“లీలగారూ, ఆ దేశంలో పనిచేసిన తెలుగు డాక్టరంటే మన మల్లికార్జునరావు గారే కదండీ! ప్రతి ఫంక్షన్లోనూ ఆ కథే చెప్తారుగా! ఆయన చేతే సన్మానం చేయిద్దాం. గురువూ శిష్యుడూ ఒకే స్టేజి మీద!”

స్పీకర్ ఆన్ చేసి అప్పుడే ఫోన్ కలిపాడు. డాక్టరుగారు పరమానందపడిపోయారు.

“పేరు గుర్తులేదోయ్. ఎంతమందిని చూశామో! నా దగ్గర తెలుగు నేర్చుకున్నాడా? ఓరి వీడి ఇల్లు బంగారంగానూ! మా ఊరి కాంపౌండర్ ఒకడు నాతో ఉండేవాడులే. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. అక్కడ ఒక్కడికీ అర్థమయ్యేది కాదు!” పకపకా నవ్వారు.

“తప్పకుండా రావాలి సార్.”

“కారు పంపించు. అక్కడ ప్రెసిడెంటుగారి మనుషులే పంపించేవారు తెలుసా!”

సన్మానం రోజు ఐసెలిన్‌లో హాలు నిండిపోయింది. తోమాస్ కొత్త పంచె కట్టుకుని, జారిపోకుండా బెల్టు పెట్టుకుని వచ్చాడు. లీల అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, “భయపడకండి, ఒక్క వాక్యమేగా,” అంది.

డాక్టరుగారు మైకు అందుకున్నారు. “ఆ విప్లవాన్ని కళ్ళారా చూశాను నేను! జనం మధ్య నిలబడి గిన్నె వాయించాను! గాయపడినవాళ్ళకి రాత్రనక పగలనక సేవ చేశాను! గెలిచిన వారానికే అమెరికా పిలిచింది గానీ, లేకపోతే నాకక్కడ విగ్రహం పెట్టేవారు!”

చప్పట్లు. తోమాస్ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

“నిద్రపోతున్నాడేంటండీ మీ స్టూడెంటు?” గొణిగాడు దివాకర్.

“ఊరుకోండి. గొంతు గుర్తుపడుతున్నాడు.”

తోమాస్ చెంప మీద తడి చూసి లీల కూడా కళ్ళు ఒత్తుకుంది. లేపి స్టేజి ఎక్కించింది. డాక్టరుగారు శాలువా కప్పారు, దండ వేశారు, మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తారు. తోమాస్ ఆ పట్టు వంక చూశాడు.

“ఈ చెయ్యే టీచర్ గారూ,” అన్నాడు.

“దొరికారుగా! ఇంక చెప్పండి మరి,” అంది లీల.

“ఏదీ, నేను నేర్పిన తెలుగేంటో అందరికీ వినిపించవయ్యా!” అంటూ డాక్టరుగారే మైకు అతని నోటి దగ్గర పెట్టారు.

హాలంతా ఫోన్లు ఎత్తి పట్టుకుంది. తోమాస్ డాక్టరుగారి మొహంలోకి చూస్తూ, అక్షరం పొల్లుపోకుండా, అచ్చం ఆయన గొంతుతోనే అన్నాడు:

“వీడింకా తట్టుకుంటాడు, కానివ్వమనరా.”