స్కాన్ గదిలో స్ఫటికం

"మెషిన్ పాడైందేమో చూడండి మేడమ్," అన్నాడు ప్రేమ్ కుమార్ మళ్లీ.

డాక్టర్ ఆండాళ్ గారు నెలలు నిండిన సువార్త పొట్ట మీద స్కాన్ మెషిన్ ప్రోబ్‌ను కాస్త జరిపి, గట్టిగా అదిమారు. స్పీకర్లోంచి గరగర తప్ప ఏమీ రాలేదు. పోయిన వారం ఈ గుడివాడ ఆసుపత్రిలోనే, ఈ బల్ల మీదే, బిడ్డ గుండె దడదడా వినిపించింది.

"సువార్తా, నువ్వు చెప్పు. బందరు కాలేజీలో ఖనిజాల పాఠం చెప్పేది నువ్వేగా! ఇందులో స్ఫటికం చెడిపోతే శబ్దం రాదు కదూ?" అని భార్యను అడిగాడు ప్రేమ్ కుమార్.

"రాదండీ."

స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని ఆమె ఏటా పిల్లలకు చెబుతుంది. ఒంట్లోంచి తిరిగొచ్చే చిన్న అదురు తగిలినా చాలు, ప్రోబ్‌లోని స్ఫటికం పలుకుతుంది.

"విన్నారా మేడమ్? బందరెళ్లి వేరేచోట తీయిస్తాం. లే సువార్తా," అంటూ అతను వంగి బల్ల కింద ఆమె చెప్పులు వెతకసాగాడు.

సువార్త లేవలేదు. "ఒక్కసారి ఇటివ్వండి మేడమ్," అని ప్రోబ్ అందుకుని, తన మెడ పక్కన ఆనించుకుంది.

గదంతా ధన్ ధన్‌మని మోగింది.

"వచ్చింది!" ప్రేమ్ కుమార్ చెప్పులతో సహా పైకి లేచాడు. "సువార్తా, వచ్చిందే!"

"అది నా గుండెండీ," అంది సువార్త. "మెషిన్ బాగానే ఉంది."

ఆండాళ్ గారు మెల్లగా స్పీకర్ ఆపేశారు. ప్రేమ్ కుమార్ సువార్త మెడ దగ్గరున్న ప్రోబ్‌ను చూశాడు. చెప్పులు కిందపెట్టి, దగ్గరికొచ్చి, ఆమె తలను గుండెకు హత్తుకున్నాడు.